వేరు ఎక్కడ, పట్టు ఎక్కడ

నా పని తీగలు దించడం. నరసరావుపేటలో తోటపని చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. కుండీలు మార్చడం, లాన్ కొట్టడం, మల్లెకు పాదులు చెయ్యడం నేనూ చేస్తాను. కానీ నాకు ఎక్కువగా ఫోన్లు వచ్చేది చెయ్యి దాటిపోయిన తీగల కోసం. గోడెక్కినవి, మేడెక్కినవి, వేపచెట్టు చిటారుకు పాకినవి, కరెంటు తీగను అందుకున్నవి. నాటేటప్పుడు ఎవరూ పిలవరు. స్లాబులో చెమ్మ దిగినప్పుడో, గుబురులో పాము కుబుసం కనపడినప్పుడో, ఇంట్లో పెళ్లి పెట్టుకొని గోడలకు రంగులు వేయించాలనుకున్నప్పుడో పిలుస్తారు. అప్పటికి ఆ మొక్క ఎవరు తెచ్చారో, ఎప్పుడు నాటారో కూడా ఆ ఇంట్లో ఎవరికీ గుర్తుండదు.

గేటు దగ్గరే వినపడే మాట ఒకటి ఉంటుంది. "మొత్తం కొట్టేయ్ అబ్బాయ్, ఆకు కూడా మిగల్చమాక." నేను వెంటనే కత్తి తియ్యను. ముందు తీగ చుట్టూ తిరుగుతాను, వెనక పక్కింటి గోడ అవతలికి కూడా వెళ్లి చూస్తాను. రెండు సంగతులు తేలాలి. ఇది దేనితో పట్టుకుంది? నీళ్లు ఎక్కణ్నుంచి తాగుతోంది? ఈ రెండూ తేలకుండా కత్తి పెడితే ఆకు రాలుతుంది, ఇల్లుగలవాళ్లకు కూలి దండగవుతుంది, రెండు వానలు పడేసరికి తీగ మళ్లీ అక్కడికే వస్తుంది.

నాకు పని నేర్పిన పెద్దాయన ఈ సంగతి మాటలతో చెప్పలేదు. శంఖుపూల తీగ కొస తెచ్చి నా వేలి పక్కన పెట్టి, మధ్యాహ్నం అన్నం తినే వేళకు చూడమన్నాడు. అది వేలును వెతుక్కుంటూ తిరిగింది. తర్వాత దొండపందిరి కిందికి తీసుకెళ్లి నులితీగ చూపించాడు. అది ముందు కొసతో దారాన్ని పట్టుకొని, ఆ తర్వాత స్ప్రింగులా చుట్టలు తిరిగి మొక్కను పైకి లాక్కుంటుంది. కాగితంపూల తీగ దేన్నీ చుట్టుకోదు, ముల్లు తగిలించి కొమ్మ మీద కొమ్మ వేసుకుంటూ ఎక్కుతుంది. రాధామనోహరమూ అంతే, రాలిన ఆకు తొడిమ అడుగు గట్టిపడి కొక్కెమవుతుంది. మనీ ప్లాంటు కణుపు కణుపుకూ వేళ్లు వేసి బెరడును కరుచుకుంటుంది. ఎక్కే పద్ధతిని బట్టి దించే పద్ధతి మారుతుంది. ఆయన చదువుకున్నవాడు కాదు. చార్లెస్ డార్విన్ 1865లో తీగల మీద రాసిన పెద్ద వ్యాసంలో వాటిని ఇలాగే, దేనితో పట్టుకుంటాయన్న లెక్కనే విడదీశాడని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

ఈ ఐదారేళ్లలో నన్ను ఎక్కువగా పిలిపించిన తీగ తిప్పతీగ. కరోనా రోజుల్లో ఆయుష్ కషాయాల మాట ఊరూరా తిరిగింది. తిప్పతీగ ముక్క దొరికితే బంగారం దొరికినట్టు చూశారు. బరంపేట నుంచి ప్రకాష్ నగర్ దాకా ప్రహరీ పక్కన నాటని ఇల్లు తక్కువ. వేపచెట్టుకు పాకిన తిప్పతీగకే గుణం ఎక్కువని పెద్దలు చెప్పే మాట ఒకటుంది కాబట్టి, చాలామంది కావాలనే వేపమొదట్లో గుచ్చారు. కరోనా పోయింది, కషాయం కాచడం మానేశారు. తీగ మాత్రం ఎక్కుతూనే ఉంది. ఇప్పుడు కొన్ని ఇళ్లలో ముంజేయంత లావున పెరిగి, వేప తల మీద దుప్పటి కప్పేసింది. ఎండ అందక కింది కొమ్మలు ఎండుతున్నాయి. గాలివాన వచ్చిందంటే ఆ బరువుకు కొమ్మ విరిగి రేకుల మీద పడుతుంది.

చిక్కు ఎక్కడొస్తుందంటే, ఇంటాయన నాకంటే ముందే కొడవలితో మొదట్లో కోసి ఉంటాడు. కోశాక ఒకట్రెండు నెలలు చూస్తాడు. ఆకు వాడదు. వాడినా మళ్లీ చిగురిస్తుంది. తిప్పతీగ కాండం నిండా నీరూ పిండీ నిలవ ఉంటాయి. కింద తెగిందనగానే, పైన కొమ్మల్లో ఉన్న తీగ దారం లాంటి వేళ్లు వదులుతుంది. పురికొస కంటే సన్నగా, నిటారుగా, గాల్లో ఊగుతూ దిగుతాయి. పదిహేను ఇరవై అడుగుల ఎత్తు నుంచి దిగి మట్టిని అందుకున్నాయంటే పని పూర్తయినట్టే, తీగకు కొత్త మొదలు దొరికింది. తీగను అమృత అన్న పేరుతో పిలిచిన మన పెద్దలు ఈ గుణాన్ని కళ్లారా చూసే పిలిచి ఉంటారు.

అందుకని తిప్పతీగ పని ఒక్క పూటతో తెమలదు. మొదట్లో గునపంతో తవ్వి వేరు తీస్తాను. మనిషి ఎత్తులో ఒకసారి, చెట్టు పంగ దగ్గర ఒకసారి కోసి మధ్య ముక్క తీసేస్తాను. పైన దోటికి అందినంత లాగేస్తాను. అందనిది అందుకోవడానికి కొమ్మ విరగ్గొట్టను. ఆ ఇంటివాళ్లకు ఒక పని అప్పజెప్పి వస్తాను: వారానికోసారి చెట్టు కిందికి వెళ్లి తల ఎత్తి చూడండి, దారాలు దిగుతుంటే నేలకు తగలకముందే తెంపండి. చిన్నపిల్లలున్న ఇళ్లలో ఈ పని చక్కగా జరుగుతుంది, వాళ్లకు అది ఆట. రెండోసారి రావడానికి కూడా కూలి ముందే మాట్లాడుకుంటాను. గుత్తకు ఒక్క పూటలో కొట్టేసి పోతానన్నవాడి చేత తిప్పతీగ పని చేయించకండి.

తీగను బట్టి కోత మారుతుందన్న మాట అమెరికాలో ఉన్న ఒక ఇంటి పిల్లవాడితో ఫోన్లో మాట్లాడుతుంటే ఇంకా బాగా అర్థమైంది. అతను ఉండేది ఒరెగాన్‌లో. అక్కడ ఐవీ అనే తీగ అడవిచెట్లను మింగేస్తోందనీ, ఆ రాష్ట్రం దాని అమ్మకాన్నే నిషేధించిందనీ, ఆదివారాలు జనం స్వచ్ఛందంగా వెళ్లి దాన్ని కోస్తారనీ చెప్పాడు. కోసే పద్ధతి వీడియోలో చూపించాడు. చెట్టు చుట్టూ నడుం ఎత్తులో ఒక వలయం లాగా తీగను కోసేసి, పైభాగాన్ని అలాగే వదిలేస్తారు. అది నిలబడే ఎండిపోతుంది. లాగితే బెరడు లేస్తుంది కాబట్టి లాగరు. ఐవీకి ఒంటినిండా ఉండే పొట్టి వేళ్లు పట్టుకోవడానికే తప్ప ఆ తీగను బతికించేంత నీళ్లు తాగలేవు. నేల వేరు తెగితే పైదంతా పోవాల్సిందే. మా వేప మీది తిప్పతీగకు అదే కోత పెడితే నవ్వుకుంటుంది. మనీ ప్లాంటుకు పెట్టినా అంతే, బెరడు సందుల్లో చేరిన చెత్తా చెమ్మా దానికి చాలు. ఒకే కోత ఒక తీగకు చావు, ఇంకో తీగకు గాయం కూడా కాదు.

ఐవీ గురించి ఇంకో మాట. ఫోన్లో బొమ్మలు చూసి, పచ్చటి గోడల బంగళాల్లాంటి ఇల్లు కావాలని, ఆ మొక్క తెప్పించమని అడిగేవాళ్లు మాచర్లలోనూ ఉన్నారు. అది చలిదేశాల మొక్క. దాని చుట్టం ఒకటి హిమాలయాల్లో పెరుగుతుందట. మే నెలలో రెంటచింతల ఎండకు పెట్టేది కాదది. మన దగ్గర దాని పని చేసేది మర్రిజాతికే చెందిన ఒక సన్నాకు తీగ. నర్సరీవాళ్లు వాల్ క్రీపర్ అంటారు. కడియం నుంచి లారీల్లో వచ్చే మొక్కల్లో ఇది తప్పకుండా ఉంటుంది. చైనా, జపాన్ వైపుది. తైవాన్‌లో దీని రకమే ఒకదాని కాయల్లోని గింజలను నీళ్లలో పిసికి చల్లటి జెల్లీ చేసుకుంటారు.

ఈ తీగ మీద నాకు గౌరవం. పల్నాడు ఎండను ఎదుర్కోవడానికి పడమటి గోడకు ఇంతకంటే చవకైన నీడ లేదు. వేసవిలో రాష్ట్రంలోకెల్లా ఎక్కువ వేడి ఎక్కడంటే రెంటచింతల పేరు ఊరికే రాదు, 45 డిగ్రీలు దాటడం అక్కడ వింత కాదు. సాయంత్రం నాలుగింటికి ఆ ఊళ్లో పడమటి గోడ మీద అరచెయ్యి ఆనించలేం. తీగ కప్పిన చోట ఆకు తప్పించి ఆనిస్తే ఆనించగలం. ఆ గది రాత్రి పడుకోవడానికి పనికొస్తుంది. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంవాళ్లు పాతకట్టడాల మీద ఐవీ ఏం చేస్తుందో కొన్నేళ్లు కొలిచి, 2010లో ఒక మాట తేల్చారు: గట్టిగా ఉన్న గోడను ఐవీ పాడు చెయ్యదు, ఎండావానా చలీ నేరుగా తగలకుండా కాస్తుంది. ముందే పగుళ్లున్న గోడలోకైతే వేరు దూరుతుంది, అప్పుడు నష్టమే. నేను ఈ ఎండలో చూసిందీ ఆ మాటకు దగ్గరగానే ఉంది. అందుకే వాల్ క్రీపర్ ఉన్న ఇంటికి వెళ్తే ముందు గోడను తట్టి చూస్తాను. గుల్లగా మోగే ప్లాస్టరుంటే తీగ తియ్యాల్సిందే. ఖణేల్మంటే ఉంచమని వాదిస్తాను.

ఉంచినా వదిలెయ్యకూడదు. ఈ తీగకు రెండు రూపాలు. చిన్నప్పుడు గోటి అంత ఆకులతో గోడకు అంటుకొని పాకుతుంది. ముదిరాక గోడ నుంచి బయటికి కొమ్మలు చాపుతుంది, ఆకులు దళసరిగా, పెద్దగా మారతాయి, బుడిపెల్లాంటి కాయలు కాస్తుంది. ఆ కొమ్మలే గోడకు బరువు, ఎలుకకు మెట్లు, గాలికి పిడి. ఏడాదికి రెండుసార్లు, తొలకరి తర్వాత ఒకసారి, దీపావళి దాటాక ఒకసారి, బయటికి చాచిన కొమ్మనల్లా గోడ వరకూ కత్తిరించాలి. అప్పుడు తీగ ఎప్పుడూ చిన్నాకులతోనే ఉంటుంది. కిటికీకి జానెడు ఇవతల, పిట్టగోడ అంచుకు మూరెడు కింద గీత గీసినట్టు ఆపాలి. పిట్టగోడ దాటి స్లాబు మీదికి వెళ్లిందా, నీళ్లు పోయే గొట్టంలో దూరుతుంది, వాననీరు నిలుస్తుంది. కోసేటప్పుడు పాలు కారతాయి. కొందరికి ఒళ్లు దద్దుర్లు వస్తాయి, నిండు చేతుల చొక్కా వేసుకుంటే మంచిది.

పూర్తిగా తీయాలంటే ఓపిక కావాలి. పచ్చిగా ఉన్నప్పుడు లాగితే సున్నం, రంగు, ఒక్కోసారి ప్లాస్టరు పెళ్లతో సహా వస్తుంది. దీని వేళ్ల కొసల నుంచి అంటుకునే ద్రవం ఊరుతుంది. డార్విన్ ఆ వేళ్లను గాజుపలక మీద ఆనించి, ఊరిన బొట్లను పరీక్షించి, అందులో రబ్బరు పదార్థం ఉందని కనిపెట్టాడు. రబ్బరుతో అంటించినదాన్ని గుంజితే ఏమవుతుందో ఎవరికైనా తెలుసు. కాబట్టి మొదట్లో కోసి, వేరు తవ్వి, వేసవి రెండు నెలలు ఆ తీగను గోడ మీదే వదిలేస్తాను. మన ఎండ దాన్ని చక్కగా వేపుతుంది. మే ఆఖరుకు చేత్తో తడిమితే ఆకు పొడవుతుంది, కాడ వదులవుతుంది. మిగిలిన వేళ్ల మచ్చలు తడిపి గట్టి కుంచెతో రుద్దాలి. తీగ కోసింది జనవరిలో, రంగులు వేసేది జూన్‌లో అనుకుంటే గోడా దక్కుతుంది, రంగూ నిలుస్తుంది. పెళ్లి వారంలో పెట్టుకొని పిలిచేవాళ్లకు ఈ మాట రుచించదు.

గోడల మాటకొస్తే, నా మనసు ఎక్కువ పెట్టే పని రావి, మర్రి, జువ్వి మొలకలది. అవి తీగలు కావు గాని, గోడను పట్టుకొని బతికే మొక్కల్లో వాటిని మించినవి లేవు. కాకి, గోరువంక, పికిలిపిట్ట పండు తిని పిట్టగోడ మీద రెట్ట వేస్తాయి. ఆ రెట్టలో గింజ. సన్‌షేడు మూల, గొట్టం అతుకు, పగిలిన కార్నిసు, ఎక్కడ చెమ్మ ఉంటే అక్కడ రెండాకులు. చూడముచ్చటగా ఉంటుంది. ఏడాది తిరిగేసరికి వేరు గోడలోపల ఎంత దూరం పోయిందో పైనుంచి తెలియదు. మాచర్ల, దాచేపల్లి వైపు నాపరాళ్ల గోడలైతే మరీ. పలక మీద పలక పేర్చిన గోడ, మధ్యలో మట్టి. వేరు పలకల సందులో పలచగా, పట్టీలాగా సాగుతుంది. లావయ్యే కొద్దీ పలకను లేపుతుంది. కొండవీడు కోటకు వెళ్లినవాళ్లు పాత రాతికట్టు సందుల్లో మొలిచిన చెట్లను చూసే ఉంటారు. రెడ్డిరాజుల కోటకైనా, నిన్నగాక మొన్న కట్టిన డాబాకైనా ఆ గింజకు ఒకటే లెక్క.

చాలామంది చేసే పని మొలకను పట్టుకొని లాగడం. అది మెడ దగ్గర తెగుతుంది, లోపలి వేరు నాలుగు చిగుళ్లు వేస్తుంది. ఉప్పు పోస్తారు. మొక్క సంగతి ఏమోగాని, ఆ ఉప్పు చెమ్మతో కలిసి ఇటుకను తింటుంది, తర్వాత ఏ ప్లాస్టరూ అక్కడ నిలవదు. ఇంగువ పెడితే చచ్చిపోతుందని ఒక నమ్మకం ఊరూరా ఉంది. ఇంగువ కూరిన మొద్దులు చిగురించడం నేను చూశాను. నాకు తెలిసిన దారి కష్టమైనదే: ఉలితో సందు తెరిచి, వేరు వెంట పోయి, అది పెన్సిలంత సన్నబడే దాకా బయటికి తీసి, సందును మళ్లీ కప్పాలి. పాత సున్నపు గోడైతే సున్నం ఇసుకతోనే కప్పమంటాను. పిడుగురాళ్ల బట్టీల సున్నం పక్కనే పెట్టుకొని పాతగోడకు సిమెంటు పులమడం నాకు మింగుడుపడదు. సిమెంటు చెమ్మను లోపలే బంధిస్తుంది, ఆ చెమ్మే తర్వాతి గింజకు పాలు. వేరు మరీ లోతుకు పోయి గోడ కదిలే పరిస్థితి ఉంటే తవ్వను. పైన చిగురు కనపడిన ప్రతిసారీ గిల్లుతూ ఉండమంటాను. ఆకు లేని వేరు ఎన్నాళ్లో బతకలేదు. ఆ పని నెలల తరబడి మానకుండా చెయ్యాలి.

రావి మీద కత్తి పెట్టడానికి ఇష్టపడని ఇళ్లు మా వైపు చాలా ఉన్నాయి. గురజాలలో ఒక పెద్దామె నన్ను పిలిపించి, నేను నిచ్చెన ఎక్కబోతుంటే కింద నిలబడి, "నరకమాకయ్యా, అది నారాయణుడు" అంది. "మరి ఎందుకు పిలిచావు పెద్దమ్మా?" అన్నాను. "ఎట్టాగోట్టా దించు. చంపమాక." దించాను. వానలు పడుతున్న రోజులు, సందు నానిపోయి ఉంది. వేరు మూరెడు వచ్చింది. తడిగోనెలో చుట్టి ఆ ఊరి చెరువుగట్టున నాటాం. పసుపు కుంకుమ పెట్టింది. రావి మొండిది, బతికింది. అప్పట్నుంచి వేరుతో వచ్చిన ప్రతి రావినీ ఎక్కడో ఒకచోట నాటించే వస్తున్నాను. ఇల్లుగలవాళ్ల మనసు కుదుటపడుతుంది, ఊరికి చెట్టు మిగులుతుంది. కంబోడియాలో తా ప్రోమ్ అనే గుడి ఉంది. మన భారత పురావస్తు శాఖవాళ్లు అక్కడివాళ్లతో కలిసి దాన్ని నిలబెడుతున్నారు. ఆ గుడి మీద మహావృక్షాలున్నాయి. అన్నీ నరికెయ్యలేదు. ఏ వేరు గోడను చీలుస్తోంది, ఏ వేరు పట్టుకొని నిలబెడుతోంది అని చెట్టు చెట్టుకూ చూసి పని చేస్తున్నారు. నేను చేసే చిన్న పనిలో కూడా ఆ చూపు ఉండాలనుకుంటాను.

పూలతీగల సంగతి త్వరగా చెప్పేస్తాను, వాటిలో పెద్ద గొడవ లేదు. మల్లెకు నవంబరు ఆఖరున, జాజికి డిసెంబరు ఆఖరున కత్తిరింపు పడాలి. అది పూలకూ మంచిది, గుబురు తగ్గడానికీ మంచిది. కాగితంపూలు కొత్త కొమ్మకే పూస్తాయి కనుక పూత అయిపోగానే ఎంత కోసినా నష్టం లేదు. రాధామనోహరం నేలలోపల నుంచి పిలకలు వేస్తుంది. నాటిన చోటుకు నాలుగడుగుల దూరంలో కూడా లేస్తాయి. పిలకను నేల మట్టానికి కొయ్యకుండా తవ్వి తల్లివేరు దగ్గర తెంపాలి. సాయంత్రం తెల్లగా విచ్చి, తెల్లారి గులాబీ రంగుకు, ఆపైన ఎరుపుకు తిరిగే ఆ గుత్తుల కోసం ఈ మాత్రం శ్రమ పడవచ్చు. మేడ మీది నుంచి పరదాలా వేలాడే కర్టెన్ క్రీపర్ గోడను పట్టుకోదు, దాని జోలికి ఏటా ఒక కత్తిరింపుకు మించి పోనక్కర్లేదు. బాల్కనీకి ఏం పెట్టమంటావని అడిగితే దాన్నే పెట్టమంటాను.

దొండ గురించి చెబితే మావాళ్లు నమ్మరు. మనం పందిరి వేసి, ఎరువు పెట్టి పెంచుకునే దొండ హవాయి దీవుల్లో ప్రకటిత కలుపు. చెట్లూ కంచెలూ కప్పేస్తుంటే, దాని కాండాన్ని తొలిచే పురుగును ఆఫ్రికా నుంచి తెప్పించి మరీ వదిలారు. ఇక్కడ అది హద్దులో ఉండటానికి కారణం మనం కోసుకు తినడమే కాదు, పురుగులూ తెగుళ్లూ ఎండా కూడా దాని పని పడుతుంటాయి. కంచెల మీది కాకిదొండ ఎర్రపండ్లను పిట్టలు తిని గింజలు జల్లుతూనే ఉంటాయి. తోటమూల అది కనపడితే దుంప తవ్వి తీయాలి, పైతీగ లాగితే ఏమీ కాదు.

వేళ్లు నేలలో లేని రెండు మొక్కలకు నా పద్ధతి తలకిందులవుతుంది. ఒకటి సీతమ్మ పోగునూలు. ఆకు లేదు, పసుపుపచ్చ దారం. కంచె మీద, కాగితంపూల మీద పరుచుకొని, కొమ్మలోకి చూషకాలు దింపి రసం తాగుతుంది. డెల్టా మాగాణుల్లో మినుమును పాడుచేసే బంగారుతీగ దీని తోబుట్టువే. దారం తీసి పారేస్తే చాలదు, తెగిన ప్రతి ముక్కా మళ్లీ అంటుకుంటుంది. పట్టిన కొమ్మనే దానికి కింద నుంచి కోసి కాల్చెయ్యాలి. పూత రాకముందే ఈ పని జరగాలి, ఎందుకంటే దాని గింజ మట్టిలో ఏళ్ల తరబడి మొలకెత్తడానికి కాచుకొని ఉంటుంది. రెండోది మామిడి, సపోటా, వేపల మీది బదనిక. చిన్న పిట్ట ఒకటి పండు తిని జిగటగింజను కొమ్మకు రాసి పోతుంది. బదనిక అంటుకున్న చోట కొయ్యడం దండగ, దాని మేకులు కొమ్మలోపల ఇంకా ముందుకు పోయి ఉంటాయి. అడుగు కిందికి జరిగి కొమ్మే కోసెయ్యాలి. మామిడి చెట్టున్న రైతు కొమ్మ పోతుందని బాధపడతాడు. బదనిక ఉంచితే ఆ కొమ్మ ఎలాగూ కాయదు.

పల్నాడు పత్తి, మిరప దేశం. ప్రతి ఇంట్లో మందు డబ్బా ఉంటుంది. "ఇంత చాకిరీ ఎందుకు బాబాయ్, గడ్డిమందు కొట్టేద్దాం" అని కుర్రాళ్లు పంపు భుజాన వేసుకొని వస్తారు. నేను ఒప్పుకోను. తీగ వేపను చుట్టుకొని ఉంది, మందు వేప ఆకు మీదా పడుతుంది. కింద మల్లెపాదు, పక్కన తులసికోట, పది అడుగుల్లో బోరు. గ్లైఫోసేట్‌ను లైసెన్సున్న పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే వాడాలని కేంద్ర ప్రభుత్వం 2022లో ఉత్తర్వు ఇచ్చింది. ఇక పారాక్వాట్‌కు విరుగుడు మందే లేదు. ఇంటి పెరట్లో, పిల్లలు తిరిగే చోట, గునపంతో అయ్యే పనికి దాన్ని తేవడం నా దృష్టిలో నేరం.

కరెంటు తీగ మీదికి పాకినదాన్ని మాత్రం సరఫరా ఆపకుండా నేనైనా ముట్టుకోను. స్టే వైరు మీదుగా ఎక్కి లైను అందుకున్న తీగలు వానాకాలంలో ప్రతి వీధిలో ఉంటాయి. పచ్చితీగ నిండా నీరే, అందులో కరెంటు పారుతుంది. ఎండిన వెదురు దోటి కదా అనుకుంటారు, తడిసిన వెదురూ అంతే. లైన్‌మన్ వచ్చి, లైన్ క్లియర్ తీసుకొని, సరఫరా ఆపానని చెప్పాకే నేను నిచ్చెన వేస్తాను.

గుబురులో చెయ్యి పెట్టే ముందు కర్రతో తడతాను. కాగితంపూల లోపల కందిరీగల తుట్టె ఉంటే పని సాయంత్రానికి వాయిదా. పసిరిక పాము కనపడితే అందరూ కళ్లు మూసుకొని పరుగెత్తుతారు, కళ్లు పొడుస్తుందని భయం. దాని విషం మనిషిని చంపేది కాదు. కర్ర చివరన ఎక్కించుకొని పక్క చెట్టుకు దాటిస్తే అదే పోతుంది. ఎలుకలు కాపురమున్న గుబురుల్లో మాత్రం నాగుపాము ఉండొచ్చు, అక్కడ నేలనుంచి మోకాలెత్తు వరకూ కొమ్మలు ముందు తీసి వెలుతురు పడనిచ్చాకే లోపలికి వెళ్తాను. పికిలిపిట్ట గూట్లో గుడ్లో పిల్లలో ఉంటే ఆ భాగం వదిలేస్తాను. పిల్లలు ఎగిరిపోవడానికి ఎన్నో రోజులు పట్టదు. తొందరేమీ లేని పని కోసం గూడు కూల్చమన్న ఇంటికి నేను మళ్లీ వెళ్లను.

కోసినది ఎక్కడ వేశామన్నదీ పనిలో భాగమే. తిప్పతీగ, నల్లేరు, మనీ ప్లాంటు ముక్కలు పక్క ఖాళీ స్థలంలో పారేస్తే అక్కడా మొలుస్తాయి, ఆర్నెల్లకు మీ గోడే ఎక్కుతాయి. నల్లేరు లేత కణుపులైతే పచ్చడికి ఇంట్లో ఇచ్చేస్తాను. మిగతావి మేడ మీద సిమెంటు గచ్చున పలచగా ఎండబెట్టి, కరకరలాడాక ఎరువుగుంటలో వెయ్యమంటాను.

ఇది చదువుతున్నవాళ్లకు నా మనవి ఒక్కటే. తొలకరి పడిన మర్నాడు ఒక్కసారి మేడెక్కి పిట్టగోడ చుట్టూ, సన్‌షేడ్ల మీద, గొట్టాల అతుకుల దగ్గర చూడండి. రెండాకుల రావి మొలక కనపడితే ఆ పూటే తియ్యండి. గోడ నానిన రోజున అది రెండు వేళ్ల మధ్య వేరుతో సహా వస్తుంది, నాలాంటివాణ్ని పిలవాల్సిన పని ఉండదు. తీసినదాన్ని చెరువుగట్టునో గుడి ఆవరణలోనో నాటండి.